రెక్కల మధ్య నొప్పి మెడ నుంచి వస్తుందా? మెడ, పైవీపు ఎముకలు, నరాల అమరిక

మీరు రాసినదాంట్లో ప్రశ్నలు మూడున్నాయి. మెడ ఎంఆర్‌ఐలో సి5-సి6, సి6-సి7 డిస్క్‌లు (మెడలో ఐదు-ఆరు, ఆరు-ఏడు పూసల మధ్య ఉండే మెత్తలు) ఉబ్బాయని వచ్చింది, నొప్పేమో ఎడమ రెక్క (భుజం వెనక ఉండే పలక లాంటి ఎముక) లోపలి అంచున, వెన్నెముక పక్కన సలుపుతోంది, ఈ రెండింటికీ పొంతన ఉందా? మెడ అడుగున ఒక ఎముక బాగా పైకి తగులుతోంది, అది పక్కకు జరిగిందా? అసలు మెడ ఎక్కడితో ఆగి వీపు ఎక్కడ మొదలవుతుంది?

పొంతన ఉంది. మెడ కింది భాగంలోని డిస్క్‌లు, కీళ్లు, నరాలు రెక్కల మధ్య నొప్పి పుట్టించడం చాలా మామూలు. నరం ఒత్తుకున్న వాళ్లలో చాలామందికి చేతిలోకి నొప్పి పాకే ముందు కొన్ని రోజులు ఈ రెక్క నొప్పి ఒక్కటే ఉంటుంది. పైకి తగిలే ఎముక దాదాపుగా ఏడో మెడ పూస, లేదంటే దాని కిందిది. అది అందరికీ తగులుతుంది, జరగడం వల్ల కాదు. అయితే రిపోర్ట్‌లో ఉబ్బు ఉంది కాబట్టి నొప్పి దానిదే అని అప్పుడే తేల్చేయకండి. ఆ ఉబ్బు తగిలే నరం ఏది, మీ ఒంట్లో లక్షణాలు ఆ నరానికి సరిపోతున్నాయా అన్నది చూశాకే ఆ మాట అనాలి. అది చూడాలంటే అమరిక తెలియాలి, కాబట్టి మొదట పూసలు లెక్కపెట్టడం దగ్గర మొదలుపెడతాను.

వేళ్లతో లెక్కపెట్టడం

మెడలో ఏడు పూసలు, సి1 నుంచి సి7. వాటి కింద పక్కటెముకలు మోసే పూసలు పన్నెండు, టి1 నుంచి టి12. మీరు పైవీపు అంటున్నది టి1 నుంచి టి6, టి7 దాకా.

తల వెనక మధ్యగీతలో పుర్రె అంచు దిగాక మెత్తటి గుంట ఉంటుంది. ఆ గుంటలో సి1 ఉంటుంది కానీ వేలికి అందదు, ఎందుకంటే దానికి వెనక్కి పొడుచుకొచ్చే ముల్లు లేదు. గుంట దాటాక మొదట గట్టిగా తగిలేది సి2. సి3 నుంచి సి5 వరకు ముళ్లు పొట్టివి, లోపలికి వంపు తిరిగి ఉంటాయి. పైగా మెడ వెనక మందపాటి లిగమెంట్ (ఎముకలను కట్టి ఉంచే పట్టీ) వాటిని కప్పేస్తుంది. అందుకే అక్కడ లెక్క తప్పుతుంది. పై నుంచి లెక్కపెట్టడం కన్నా కింద సి7 పట్టుకుని పైకి వెళ్లడం నయం.

సి7 పట్టుకునే పద్ధతి: కూర్చుని తల ముందుకు వంచండి. మెడ అడుగున రెండు మూడు గడ్డలు తేలతాయి. బాగా పొడుచుకొచ్చిన దాని మీద ఒక వేలు, దాని పైదాని మీద ఇంకో వేలు పెట్టండి. ఇప్పుడు తల మెల్లగా వెనక్కి వాల్చండి. పై వేలి కింద ఉన్న ఎముక లోపలికి జారిపోతే అది సి6, జారకుండా నిలిచినది సి7. ఇంకా సందేహంగా ఉంటే ఆ ఎముక మీదే వేలు ఉంచి తల కుడి ఎడమలకు తిప్పండి. సి7 కొద్దిగా కదులుతుంది, టి1 దాదాపు కదలదు. చాలామందిలో అన్నిటికన్నా ఎత్తుగా కనిపించేది సి7, కొందరిలో టి1, ఇంకొందరిలో సి6 కూడా కావచ్చు. అందుకే ఎత్తును బట్టి కాకుండా కదలికను బట్టి పోల్చుకోవాలి.

చేతులు వదులుగా కిందికి వేలాడేసినప్పుడు రెక్క మీద అడ్డంగా ఉండే గట్టు లోపలి చివర దాదాపు టి3 ముల్లు ఎత్తులో ఉంటుంది. రెక్క కింది మొన టి7, టి8 దగ్గర. ముందు వైపు గొంతు ముడి కింద చేతికి తగిలే గుండ్రటి మృదులాస్థి ఉంగరం సి6 ఎత్తు. ఈ గుర్తులు మనిషి మనిషికీ ఒక పూస అటూ ఇటూ అవుతాయి. ఇంకో సంగతి, పైవీపు మధ్యలో ముళ్లు పొడవుగా, ఏటవాలుగా కిందికి వాలి ఉంటాయి. వేలికి తగిలే ముల్లు కొన టి6ది అయితే దాని ఎదురుగా లోపల ఉన్నది టి7 పూస. "ఇక్కడ నొక్కితే నొప్పి" అని వేలు పెట్టి చూపించే చోటుకూ స్కాన్‌లో కనిపించే పూసకూ ఒక మెట్టు తేడా రావడానికి ఇదొక కారణం.

మెడ అడుగున ఉన్న ఎత్తు గురించి మీ భయం ఎలాగూ తీరాలి కాబట్టి ఇది కూడా చూసుకోండి. గట్టిగా, మధ్యగీతలో, వేలెడంత ఉంటే అది ముల్లు ఎముకే. మెడ ముందుకు జరిగి పైవీపు గుండ్రంగా వంగితే అదే ఎముక ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అలా కాకుండా మెత్తగా, వెడల్పుగా, పట్టుకుంటే చేతికి వచ్చేలా ఉంటే అది కొవ్వు. స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవాళ్లలో, కొన్ని హార్మోన్ల జబ్బుల్లో అలా పెరుగుతుంది. దానికి వెన్నెముక డాక్టర్‌తో పనిలేదు, హార్మోన్ పరీక్షలు చేయించాలి.

పై రెండు పూసల తీరు వేరు

సి1 ఒక ఉంగరం. మిగతా పూసలకు ముందు వైపు ఉండే మందపాటి దిమ్మ దానికి ఉండదు, పుర్రెను రెండు పక్కలా మోసే గట్టి దిమ్మెలు మాత్రం ఉంటాయి. సి2కి పైకి నిలిచిన పన్ను లాంటి ఎముక ఉంటుంది. తిరగలి కింది రాయికి నిలబెట్టిన మేకు చుట్టూ పై రాయి తిరిగినట్టు, ఆ పన్ను చుట్టూ సి1 తలతో సహా తిరుగుతుంది. మెడ తిప్పడంలో దాదాపు సగం, అంటే ఒక్కో పక్కకు 40 డిగ్రీల దాకా, ఈ ఒక్క జంట దగ్గరే జరుగుతుంది. అవునన్నట్టు తల ఊపే కదలిక పుర్రెకూ సి1కీ మధ్య జరుగుతుంది. ఈ రెండు చోట్లా డిస్క్ లేదు. మొదటి డిస్క్ సి2కీ సి3కీ మధ్యన మొదలవుతుంది. కాబట్టి "సి1-సి2 డిస్క్ పోయింది" అని ఎవరైనా అంటే అక్కడ పొరపాటు ఉందన్నమాట.

పన్ను వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కకుండా అడ్డంగా ఒక గట్టి లిగమెంట్ పట్టుకుని ఉంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతం చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో ఇది వదులు కావచ్చు. అలాంటివాళ్లు, పెద్ద దెబ్బ తగిలినవాళ్లు మెడ విరిపించుకోవడం లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించుకోకూడదు. అసలు మెడను ఒక్కసారిగా మెలితిప్పి టక్కుమనిపించడాన్ని ఎవరికీ సలహా ఇవ్వను. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెన్నుపూస ధమనులు రెండూ సాధారణంగా సి6 దగ్గర పూసల పక్క రంధ్రాల్లోకి దూరి సి1 దాకా వాటిలోంచే పైకి వెళ్తాయి. తర్వాత సి1 వెనక కమ్మీ మీద వంపు తిరిగి పుర్రెలోకి ప్రవేశిస్తాయి. ఆ వంపు దగ్గర ధమని గోడ చిరగడం అరుదే, కానీ జరిగితే పక్షవాతం రావచ్చు.

సి3 నుంచి సి7: మీ రిపోర్ట్ మాట్లాడేది ఇక్కడి గురించి

ఇక్కడ ప్రతి రెండు పూసల మధ్యా ఐదు అతుకులుంటాయి. ముందు డిస్క్ ఒకటి, దాని రెండు అంచుల్లో పూస అంచులు పైకి లేచి ఏర్పడే చిన్న కీళ్లు రెండు, వెనక ఫేసెట్ కీళ్లు అనే చిన్న కీళ్లు రెండు. ఫేసెట్ కీళ్ల పలకలు సుమారు 45 డిగ్రీల ఏటవాలులో ఉంటాయి. అందుకే మెడ వంగడం, వాలడం, తిరగడం అన్నీ చేయగలదు. పక్కకు వాల్చితే దానంతటదే కాస్త తిరుగుతుంది కూడా. డిస్క్‌లు ముందు వైపు ఎత్తుగా, వెనక వైపు పల్చగా ఉంటాయి. మెడకు ముందుకు ఉండే వంపు చాలావరకు దీనివల్లే.

నరం బయటికి వచ్చే కిటికీకి ముందు గోడ డిస్క్, అంచు కీలు, వెనక గోడ ఫేసెట్ కీలు. వయసుతో డిస్క్ ఎత్తు తగ్గితే కిటికీ ఎత్తూ తగ్గుతుంది. అంచు కీలు మీద ఎముక పెరిగితే ముందు నుంచి, ఫేసెట్ లావైతే వెనక నుంచి ఇరుకవుతుంది. తలను వెనక్కి వాల్చి నొప్పి ఉన్న వైపుకు తిప్పితే ఈ కిటికీ ఇంకా మూసుకుంటుంది, ముందుకు వంచి అవతలి వైపుకు తిప్పితే తెరుచుకుంటుంది. పైకి చూసి ఏదైనా అందుకునేటప్పుడు జివ్వుమని లాగడం, తల వంచి కూర్చుంటే సర్దుకోవడం దీనివల్లే. చేతిని ఎత్తి అరచేయి నెత్తి మీద పెట్టుకుంటే హాయిగా అనిపించడం కూడా నరం ఒత్తుకుంటోందనడానికి మంచి గుర్తు, ఎందుకంటే అప్పుడు నరం మీది లాగుడు తగ్గుతుంది.

డిస్క్ వెనక మధ్యలో నిలువునా ఒక లిగమెంట్ ఉంటుంది. మధ్యలో అది బలంగా ఉంటుంది కాబట్టి డిస్క్ గుజ్జు తరచుగా పక్కవాటుగా వెనక్కి, అంటే నేరుగా నరం దారిలోకి, తోసుకొస్తుంది. నడిమికే వస్తే వెన్నుపాము మీద పడుతుంది. ఆ రెండో రకంలో నొప్పి తక్కువ, ప్రమాదం ఎక్కువ. దాని సంగతి కింద చెప్తాను.

వెన్నుపాము కాలువ మెడ కింది భాగంలో పెద్దవాళ్లలో ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 కన్నా తక్కువైతే ఇరుకు అంటారు, 10 కన్నా తగ్గితే బాగా ఇరుకు. పుట్టుకతోనే కాలువ సన్నగా ఉన్నవాళ్లకు చిన్న ఉబ్బు కూడా ఇబ్బంది పెడుతుంది. కాలువ విశాలంగా ఉన్నవాళ్లకు అంతే ఉబ్బు అసలు తెలియను కూడా తెలియదు. రిపోర్ట్‌లో ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు అన్నదానికన్నా కాలువలో ఎంత చోటు మిగిలిందన్నదే నేను ముందు చూస్తాను.

నరాల లెక్క, అందరూ తడబడే చోటు

మెడ పూసలు ఏడు, మెడ నరాలు ఎనిమిది. సి1 నుంచి సి7 నరాలు తమ నంబరు పూసకు పై నుంచి బయటికి వస్తాయి. ఎనిమిదో నరానికి ఆ నంబరు పూస లేదు కాబట్టి అది సి7కీ టి1కీ మధ్యలోంచి వస్తుంది. టి1 నుంచి కిందికి అన్ని నరాలూ తమ పూసకు కింద నుంచి వస్తాయి. లెక్క మారేది అక్కడే. ఆచరణలో గుర్తుంచుకోవాల్సింది ఇంతే: మెడలో రెండు నంబర్లలో పెద్దదే దెబ్బతినే నరం. సి5-సి6 డిస్క్ సి6 నరాన్ని, సి6-సి7 డిస్క్ సి7 నరాన్ని, సి7-టి1 డిస్క్ సి8 నరాన్ని నొక్కుతాయి.

సి5 నరం భుజం బయటి వైపు స్పర్శ చూసుకుంటుంది. అది బలహీనపడితే చేయి పక్కకు ఎత్తడం కష్టం. సి6 అయితే ముంజేతి బయటి అంచు, బొటన వేలు, చూపుడు వేలు మొద్దుబారతాయి, మోచేయి ముడవడం, మణికట్టు పైకి ఎత్తడం బలహీనమవుతాయి. సి7కి గుర్తు నడిమి వేలు. బలం తగ్గేది మోచేయి చాపడంలో, గోడను నెట్టేటప్పుడు అది తెలుస్తుంది. సి8 అయితే చిటికెన వేలు, ఉంగరపు వేలు, పిడికిలి పట్టు. టి1 అయితే ముంజేతి లోపలి వైపు, వేళ్లను ఒకదానికొకటి దూరంగా చాపడం. మెడ నరాల్లో ఎక్కువగా ఒత్తుకునేది సి7, తర్వాత సి6. మీ రిపోర్ట్‌లోని రెండు డిస్క్‌లూ సరిగ్గా ఈ రెంటికే ఎదురుగా ఉన్నాయి.

వేళ్ల తిమ్మిరి అంతా మెడదే అనుకోవద్దు. రాత్రిపూట బొటన వేలి నుంచి ఉంగరపు వేలు సగం దాకా తిమ్మిరెక్కి, లేచి చేయి విదిలిస్తే తగ్గితే అది చాలావరకు మణికట్టు దగ్గర నరం ఒత్తుకోవడం. మెడ కదలికతో దానికి సంబంధం ఉండదు. రెండూ ఒకే మనిషిలో ఉండటం కూడా మామూలే.

మరి నొప్పి వీపులో ఎందుకు?

ఇక్కడ చర్మానికీ కండరానికీ నరాలు వేర్వేరు మెట్ల నుంచి వస్తాయి. పైవీపు చర్మం మీద సి4 పరిధి అయిపోగానే దాదాపుగా టి2 పరిధి మొదలవుతుంది. మధ్యలోని సి5 నుంచి టి1 వరకు నరాలు చేతిలోకి వెళ్లిపోయాయి. కానీ అదే చర్మం కింద ఉన్న కండరాలు మాత్రం మెడ నరాల మీదే ఆధారపడ్డాయి. రెక్కను వెన్నెముక వైపుకు లాగే రాంబాయిడ్ కండరాలు సి7 నుంచి టి5 వరకు ముళ్లకు అతుక్కుని ఉన్నా వాటి నరం ప్రధానంగా సి5 నుంచి దిగుతుంది. రెక్క పై మూలను ఎత్తే లెవేటర్ కండరం ఏకంగా సి1 నుంచి సి4 పూసల పక్క కొమ్ముల నుంచే వేలాడుతుంది. ట్రపీజియస్ అనే పెద్ద కండరం పుర్రె అడుగు నుంచి టి12 దాకా పరుచుకుని ఉంటుంది, దాని నరం పుర్రెలోంచి వచ్చే పదకొండోది, మెడ నరాలు దానికి తోడవుతాయి. కాబట్టి కండరాల లెక్కలో రెక్క మెడకు చెందినదే.

నొప్పి కూడా ఇదే దారిలో నడుస్తుంది. డిస్క్ బయటి పొరకు, వెనక లిగమెంట్‌కు, వెన్నుపాము పొరకు సన్నటి నరాలున్నాయి. అక్కడ మంట పుడితే మెదడు దాన్ని రెక్క లోపలి అంచున, లోతుగా, సలుపుగా చూపిస్తుంది. చర్మం మీద తిమ్మిరి ఉండదు. వేలితో ఖచ్చితంగా ఒక చుక్క చూపించలేరు, అరచేత్తో చూపిస్తారు. ఫేసెట్ కీళ్లదీ ఇదే పద్ధతి. సి2-సి3 కీలు నొప్పి తల వెనకకు, సి5-సి6ది భుజం పైభాగానికి, సి6-సి7ది రెక్క మీదకు దిగుతాయి. నరమే ఒత్తుకుంటే, రెక్కకు పైన భుజం మీద నొప్పి సి5, సి6 వైపుకు, రెక్కల మధ్య నొప్పి సి7, సి8 వైపుకు చూపిస్తుంది. అందుకే మీ విషయంలో రెండు డిస్క్‌లలో సి6-సి7 మీదే నా అనుమానం ఎక్కువ. నడిమి వేలు, మోచేయి చాపే బలం ప్రత్యేకంగా పరీక్ష చేయించుకోండి.

ఇలాంటి నొప్పికి రెక్కల మధ్య నెలల తరబడి మర్దన చేయించుకునేవాళ్లు చాలామంది. ఆ గంటసేపు హాయిగా ఉంటుంది, మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది. నొప్పి పుట్టే చోటు మెడ కింది కీళ్లలో ఉంటే వీపు మీద ఎంత రుద్దినా నిలబడే ఫలితం రాదు.

పైవీపు పూసల సొంత నొప్పి ఎలా ఉంటుంది

పైవీపులో ఫేసెట్ కీళ్లు సుమారు 60 డిగ్రీలు నిలబడి ఉంటాయి. తిరగడానికి వీలిస్తాయి, వంగడానికి అంతగా ఇవ్వవు. పైగా ప్రతి పూసకూ పక్కటెముకలు బిగించి ఉన్నాయి. టి2 నుంచి టి9 దాకా ఒక్కో పక్కటెముక తల రెండు పూసలనూ మధ్యలోని డిస్క్‌నూ కలిపి పట్టుకుంటుంది. మొదటి పది పక్కటెముకలు పూస పక్క కొమ్ముతో ఇంకో కీలు కూడా వేసుకుంటాయి. ఈ బిగింపు వల్లే ఇక్కడ డిస్క్ జారి నరం నొక్కడం చాలా అరుదు, జారినా ఎక్కువగా కింది భాగంలో, టి8 తర్వాత. కానీ కాలువ ఇక్కడ సన్నం, వెన్నుపాముకు రక్తం కూడా తక్కువే. ఏదైనా నొక్కితే నష్టం ఎక్కువ.

ఇక్కడ మామూలుగా నొప్పి పుట్టించేవి పక్కటెముక కీళ్లు. గుర్తులు తేలిక. లోతుగా ఊపిరి పీల్చినా, దగ్గినా, తుమ్మినా ఒక చుక్క దగ్గర పోటు పొడుస్తుంది. వెన్నెముక నుంచి రెండు మూడు వేళ్లు పక్కన నొక్కితే సరిగ్గా అదే నొప్పి వస్తుంది. కొన్నిసార్లు పక్కటెముక వెంట ముందుకు పాకుతుంది. టి4 నరం చనుమొనల ఎత్తులో, టి10 బొడ్డు ఎత్తులో తిరుగుతాయి, దాన్నిబట్టి మెట్టు అంచనా వేయొచ్చు.

మీరే ఇంట్లో తేడా చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని మెడను మెల్లగా నాలుగు వైపులా తిప్పండి, వెనక్కి వాల్చండి. రెక్క నొప్పి మారితే మెడ వైపు అనుమానం. తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని, మెడ కదపకుండా, ఛాతీని మాత్రమే కుడి ఎడమలకు తిప్పండి, లోతుగా ఊపిరి తీయండి. అప్పుడు మారితే పైవీపు, పక్కటెముకలు. రెండింటికీ మారితే సి7-టి1 కూడలి చుట్టుపక్కల అనుకోవచ్చు. బాగా కదిలే మెడ అంతగా కదలని ఛాతీ మీద కూర్చునే చోటు అది, కాబట్టి భారం అక్కడ పేరుకుంటుంది. దేనికీ మారకపోతే జాగ్రత్త పడాలి. తల మీద చేయి పెట్టి కిందికి నొక్కే పరీక్ష ఒకటి ఉంది, అది మాత్రం ఇంట్లో ఎవరిచేతా చేయించుకోకండి.

వెన్నెముకది కాని నొప్పులు, ఆగకూడని గుర్తులు

నడిస్తే లేదా మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే రెక్కల మధ్య నొప్పి గుండెది కావచ్చు. ఉన్నట్టుండి వీపు చీల్చినట్టు వచ్చే భరించలేని నొప్పి బృహద్ధమనిది (గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళం) కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొవ్వు పదార్థాలు తిన్నాక కుడి రెక్క కింద నొప్పి పిత్తాశయానిది కావచ్చు. ఒక పక్కనే పట్టీలా మంట పుట్టి రెండు మూడు రోజులకు నీటి పొక్కులు వస్తే అది హెర్పిస్ జోస్టర్. పొగతాగే అలవాటు ఉండి, భుజం నొప్పి చేయి లోపలి వైపుకు దిగుతూ, అదే వైపు కనురెప్ప వాలితే ఊపిరితిత్తి పైభాగాన్ని స్కాన్ చేయాలి.

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ ఉండటం, పడిపోయాక మొదలైన నొప్పి, ఎముకలు గుల్లబారినవాళ్లకు ఉన్నట్టుండి వచ్చే వీపు నొప్పి: వీటిల్లో ఏది ఉన్నా వ్యాయామాల దాకా వెళ్లకుండా ముందు డాక్టర్‌ను కలవాలి.

వెన్నుపాము నొక్కుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది చాలాసార్లు నొప్పి లేకుండా వస్తుంది. గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, రాత మారుతుంది, చేతిలోంచి వస్తువులు జారిపోతాయి, నడిచేటప్పుడు కాళ్లు బిగుసుకున్నట్టు, తూలినట్టు ఉంటుంది. తల వంచితే వీపు వెంట కరెంటు కొట్టినట్టు అవుతుంది. తర్వాత మూత్రం మీద పట్టు తగ్గుతుంది. వీటిని వయసు మీద తోసేస్తారు. ఒక తేలికైన పరీక్ష ఉంది: పది సెకన్లలో పిడికిలి పూర్తిగా మూసి పూర్తిగా తెరవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. మామూలుగా 20 సార్లు, అంతకు మించి చేయగలగాలి. తగ్గితే, లేదా మడమ ముందు వేళ్లు ఆనించి గీత మీద నడవలేకపోతే, త్వరగా నరాల లేదా వెన్నెముక నిపుణుణ్ని కలవండి. ఈ జబ్బులో ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

రిపోర్ట్ ఎలా చదవాలి

2015లో జపాన్‌లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మెడ నొప్పి లేని 1,211 మందికి ఎంఆర్‌ఐ తీస్తే సుమారు 88 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ అది 70 శాతం దాటింది. అంటే ఉబ్బు ఉండటం ఒక్కటే జబ్బు కాదు. "థీకల్ శాక్‌ను తాకుతోంది" అంటే వెన్నుపాము చుట్టూ ఉన్న నీటి సంచికి తగిలిందని మాత్రమే, పాముకు కాదు. "వంపు తగ్గింది" అన్నది చాలాసార్లు కండరాలు బిగుసుకోవడం వల్ల, స్కాన్ బల్ల మీద పడుకున్న తీరు వల్ల కూడా వస్తుంది. పట్టించుకోవాల్సిన మాటలు వేరు: నరం కిటికీ తీవ్రంగా ఇరుకైంది, వెన్నుపాము నొక్కుకుంది, వెన్నుపాములో సిగ్నల్ మారింది (స్కాన్‌లో అక్కడ ఛాయ తేడాగా కనిపించింది). చివరి రెండూ ఉంటే ఆ వారంలోనే చూపించండి.

ఏం చేయాలి

ప్రమాద గుర్తులు లేకపోతే కంగారు అక్కర్లేదు. నరం ఒత్తుకున్న నొప్పి కూడా చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మెడకు కాలర్ (పట్టీ) పెట్టుకుంటే మొదటి కొద్ది రోజులు ఉపశమనం ఉంటుంది, వారాల తరబడి పెట్టుకుంటే మెడ కండరాలు నీరసపడతాయి.

మొదటి వ్యాయామం గడ్డం లోపలికి లాక్కోవడం. నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, గడ్డాన్ని కిందికి వంచకుండా తిన్నగా వెనక్కి జరపండి. ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఎనిమిది నుంచి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఎక్కువమంది చేసే తప్పు గడ్డాన్ని ఛాతీ వైపుకు దించడం, లేదా తలను పైకెత్తి వెనక్కి తోయడం. మొదటిది చేస్తే పని జరగదు, రెండోది నరం కిటికీని మూసేస్తుంది. రెండో వ్యాయామం పైవీపు విరవడం. వీపు ఆనే చెక్క రెక్కల మధ్య దాకా వచ్చే కుర్చీలో కూర్చుని, తల వెనక రెండు చేతులతో మెడను మోస్తూ, మెడ వంచకుండా ఛాతీని మాత్రమే చెక్క మీదుగా వెనక్కి వాల్చండి. ఎనిమిదిసార్లు చాలు. పైవీపు కాస్త కదిలితే మెడ అడుగు మీద భారం తగ్గుతుంది.

ఆపాలా కొనసాగించాలా అన్నదానికి ఒకటే నియమం. వ్యాయామం చేస్తున్నకొద్దీ నొప్పి చేతి నుంచి రెక్కకు, రెక్క నుంచి మెడకు వెనక్కి వస్తుంటే, మెడ దగ్గర కాస్త పెరిగినా సరే, దారి సరైనదే. చేతి కిందికి దిగుతుంటే, వేళ్లలో తిమ్మిరి పెరుగుతుంటే ఆపేయండి.

తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. ముందుకు వంచినకొద్దీ దాన్ని పట్టి ఉంచడానికి మెడ వెనక కండరాలు ఎక్కువగా లాగాలి. 60 డిగ్రీలు వంచితే 27 కిలోల భారం అన్న లెక్క మీరు చూసే ఉంటారు. అది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా, మనుషుల్లో కొలిచినది కాదు. దాన్ని చూసి భయపడి రోజంతా నిటారుగా బిగబట్టి కూర్చోవద్దు, అలా చేసినా మెడ పట్టేస్తుంది. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తులో పెట్టుకుని, అరగంటకోసారి భంగిమ మార్చండి, అదే మేలు. పక్కకు తిరిగి పడుకుంటే దిండు భుజానికీ తలకూ మధ్య ఖాళీని నింపేంత ఉండాలి, వెల్లకిలా అయితే దానికన్నా పల్చగా. బోర్లా పడుకుంటే గంటల తరబడి మెడ ఒకే పక్కకు తిరిగి ఉండాల్సి వస్తుంది. మీకు ఇప్పుడున్న నొప్పికి అది మంచిది కాదు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫిల్మ్‌తో పాటు ఇవి కూడా రాసుకుని వెళ్లండి: ఏ కదలికకు రెక్క నొప్పి పెరుగుతోంది, చేయి నెత్తి మీద పెట్టుకుంటే తగ్గుతోందా, నడిమి వేలిలో తిమ్మిరి ఉందా, మోచేయి చాపి గోడను నెడితే రెండు చేతుల బలం సమానంగా ఉందా. మోచేయి వెనక సుత్తితో కొట్టి చూసే ట్రైసెప్స్ రిఫ్లెక్స్‌ను రెండు వైపులా పోల్చి చూడమని అడగండి. ఎడమ వైపు అది తగ్గి ఉంటే సి7 నరం మీద అనుమానం బలపడుతుంది. అన్నీ మామూలుగా ఉంటే డిస్క్ ఉబ్బును పక్కనపెట్టి ఫేసెట్ కీళ్లు, పక్కటెముక కీళ్ల వైపు చూడాలి.